వర్క్ అనకూడని పని

మొన్న శనివారం ఆష్‌బర్న్‌లో మా ఇంటి గరాజ్ తలుపు సగం దాకా లేచి అక్కడే మొరాయిస్తే, బాగుచెయ్యడానికి ఒకతను వచ్చాడు. నిచ్చెనెక్కి మోటారు పెట్టె మూత తీసి, లోపల ఊడిపోయిన తీగ ఒకటి నాకు చూపించి, సోల్డరింగ్ కడ్డీ వేడెక్కేదాకా ఫోన్ చూసుకుంటూ నిలబడి, ఆ తర్వాత తీగ కొసన అంటీ అంటనట్టు కడ్డీ తాకించాడు. సన్నగా పొగ లేచింది. గుగ్గిలం కాలినట్టు, దానికి కాస్త రబ్బరు కమురు తోడైనట్టు ఉండే ఆ వాసన తగలగానే నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఒక్క క్షణంలో కాఫీ ఎలా చల్లారుతుందని అడక్కండి, నేను చెప్పే విషయాల్లో కొలతలు ఎప్పుడూ కొంచెం అటూ ఇటూగానే ఉంటాయి. ఆ వాసన మాత్రం నన్ను నలభైకి దగ్గరపడ్డ ఈ ఒంట్లోంచి లాగి, చిన్నప్పుడు మేమున్న ప్లెయిన్స్‌బరోలో ఒక ముసలాయన గరాజ్‌లో, బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చోబెట్టింది.

మేము ప్లెయిన్స్‌బరోలో దిగింది 2001 ఎండాకాలంలో. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. కాకినాడలో నాన్నకి లారీ స్టాండు పక్కన ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, హారన్లు, హెడ్‌లైట్లు, వైరింగు, అన్నీ ఆయనే చూసేవాడు. పెళ్ళయ్యాక ఆ షాపు వెనక గదిలోనే కూర్చుని చదువుకుని ఎంసీఏ పూర్తిచేసిన అమ్మకి ఇక్కడ ఒక మందుల కంపెనీ కంప్యూటర్లలో ఉద్యోగం దొరికితే, మా ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చింది. వీసా అమ్మది. నాన్న కాగితాల్లో ‘డిపెండెంట్’ అని ఉండేది, నా కాగితాల్లోనూ అదే ఉండేది. మా నాన్నా నేనూ ఒకే హోదాలో ఉన్నామని కొన్నాళ్ళు నేను మురిసిపోయాను కూడా. ఆ మాటకి అర్థం, నాన్న ఈ దేశంలో ఉండొచ్చు, తినొచ్చు, తిరగొచ్చు, పని మాత్రం చెయ్యకూడదని. రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తి, చీకటి పడ్డాక దించడానికి అలవాటుపడ్డ మనిషికి ఎత్తడానికీ దించడానికీ కిటికీకి వేలాడే ప్లాస్టిక్ తెర తప్ప ఇంకేమీ లేకుండా పోయింది.

అమ్మ ఆఫీస్‌కి వెళ్ళాక ఆయన దుప్పట్లు మడతపెట్టి, పప్పు వండి, పొయ్యి తుడిచి, మళ్ళీ తుడిచి, అపార్ట్‌మెంట్ల మధ్య చెరువు చుట్టూ బాతుల్ని లెక్కపెట్టుకుంటూ నాలుగు చుట్లు తిరిగి వచ్చేవాడు. వంటగదిలో తాలింపు వేస్తే చాలు హాలు కప్పుకి బిగించిన స్మోక్ అలారం మోగేది, దాన్ని మేము పొగ గంట అనేవాళ్ళం. ఎండుమిరపకాయలు వేగేటప్పుడు నేను తువ్వాలు పట్టుకుని దాని కింద గెంతుతూ విసరాలి, అదే నా ఇంటి డ్యూటీ. కార్పెట్‌కి పట్టిన ఇంగువ వాసన నా స్కూలు బ్యాగుకీ, మా ఉన్ని కోట్లకీ, చివరికి లైబ్రరీ పుస్తకాలకీ పట్టేది. శరత్కాలంలో చెట్లు పసుపూ కుంకాల రంగుల్లోకి మారి రాలిపోతుంటే, ఆకుల గుట్టల్లో మేము పిల్లలం పీకల్దాకా మునిగి ఆడుకునేవాళ్ళం. ఒకసారి ఒక గుట్టలో ఒక పంజాబీ పిల్లాడు తప్పిపోయి రెండు రోజుల తర్వాత దొరికాడని నేను ఇండియాకి ఉత్తరం రాశాను. దొరికినప్పుడు వాడు బొద్దుగా ఉన్నాడని కూడా రాశాను.

ఇక్కడ పుట్టిన తెలుగు పిల్లలకి ఏడుపెంకులాట నేర్పింది నేనే. వాళ్ళు దాన్ని ‘సెవెన్ స్టోన్స్’ అనేవాళ్ళు, ‘పెంకు’ అనమంటే ‘పింకు’ అనేవాళ్ళు. పార్కింగ్ లాట్‌లో చపటా రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి, పాత టెన్నిస్ బంతితో కొడుతుండేవాళ్ళం. 2002 వసంతంలో, చలి ఇంకా పూర్తిగా వదలని ఒక ఆదివారం, నేను కొట్టిన బంతి రాళ్ళ పక్కనుంచి దూసుకుపోయి, కంచె దాటి, చిన్న రోడ్డు దాటి, అవతల ఉన్న ఒంటి ఇంటి గరాజ్‌లోకి వెళ్ళిపోయింది. వెనకాలే నేను, నేను రోడ్డు దాటడం చూసి నా వెనకాల నాన్న.

అక్కడ బానెట్ ఎత్తిన ఒక కారు. ముదురాకుపచ్చ రంగులో రెండు సీట్లున్న బుల్లి కారు, ఇంగ్లండ్‌లో తయారైనది, అరవైల నాటిది. దాని మీదకి వంగి ఒక పొడుగాటి ముసలాయన తనలో తనే తిట్టుకుంటున్నాడు. వాల్టర్ ఆయన పేరు. భార్య పోయి ఏడాదయిందనీ, ఇరవయ్యేళ్ళుగా గుడ్డ కప్పి ఉంచిన ఆ కారుని ఆవిడ పోయాకే బయటకి తీశాడనీ తర్వాత తెలిసింది. నాన్న బంతి సంగతి మర్చిపోయాడు. సారీ చెప్పడానికి తెరిచిన నోరు అలాగే ఉంది. కళ్ళు మాత్రం బానెట్ కింద తీగలన్నీ గబగబా చదివేస్తున్నాయి.

“ఒసేయ్ బుజ్జీ, ఇది మన అంబాసిడర్ వైరింగేనే!” అన్నాడు.

ఆ దేశపు కార్ల తీగల రంగులకి ఒక పద్ధతి ఉంది, మన పాత కార్లకీ ఆ పద్ధతే వచ్చింది. ఏ రంగు తీగ ఏ పని చేస్తుందో నాన్నకి చీకట్లో కూడా తెలుసు. ఆ తర్వాత వారాల్లో నాకు ఆ రంగుల్ని ఒక కుటుంబంలా పరిచయం చేశాడు. గోధుమరంగు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, అది ఇంటి పెద్ద, ఎప్పుడూ నిద్రపోదు, దాని జోలికి పోతే షాకివ్వకపోయినా మంట పెడుతుంది. తెల్లది తాళం తిప్పితే లేస్తుంది. తెల్లది లేచాకే ఆకుపచ్చది పనిలోకి వెళ్తుంది. నీలం పెద్ద లైట్లది, ఎరుపు చిన్న లైట్లది, ఊదా హారన్‌ది. ఎవరెక్కడికి తిరిగినా చివరికి నలుపు తీగ పట్టుకుని ఇంటికి రావాలి, నలుపంటే ఎర్త్. వాల్టర్ దాన్ని గ్రౌండ్ అనేవాడు. నాన్న “ఎర్త్” అని వేలు కిందకి చూపిస్తే ఆయన మొదటి రోజు తన చెప్పులకేసి చూసుకున్నాడు.

ఆ ఇంజను చుట్టూ ఉన్న వైరింగు చూస్తే ఏడుపు రావాలి. ఇరవయ్యేళ్ళలో ఎలుకలు కొరికినవి కొన్ని, వాటిని అతికించడానికి ఎవరో పీకి తెచ్చిన ఇంటి దీపాల తీగలు కొన్ని, హారన్‌కి రేడియో స్పీకరు తీగ, జిగురు కారిపోయిన టేపు చుట్టలు, ఎక్కడికీ పోని తీగలు, ఎక్కడినుంచో తెలియకుండా వచ్చేవి. నాన్న మొదటి రెండు వారాలు ఒక్క తీగ కూడా కత్తిరించలేదు. చిన్న బల్బుకి రెండు తీగలు కట్టిన టెస్టర్‌తో ఒక్కొక్కదాన్నీ మొదలు నుంచి చివరిదాకా వెతికి, తెల్లగుడ్డ పేలిక మీద బాల్‌పెన్‌తో తెలుగులో పేరు రాసి దానికి కట్టేవాడు: ‘హారను’, ‘కు. పెద్ద’, ‘ఎ. చి.’, ‘ఫేను’. రోజూ స్కూలు బస్సు దిగి నేను నేరుగా అక్కడికే పోయేదాన్ని. ఆ గుడ్డముక్కలతో ఆ కారు, మొక్కు చీటీలు కట్టిన చెట్టులా ఉండేది.

ఆ తర్వాత ఒక ప్లైవుడ్ చెక్క మీద మేకులు కొట్టి, కారులో మలుపులు ఎలా ఉన్నాయో చెక్క మీద అలాగే గీసి, కొత్త తీగలన్నీ మేకుల మధ్య పడుకోబెట్టాడు. అతుకు పడ్డ ప్రతిచోటా సోల్డరింగ్ కడ్డీతో టంకం వేస్తుంటే, నేను బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చుని ఆ పొగ పీల్చేదాన్ని. రెండే ఫ్యూజులున్న పాత పెట్టె తీసేసి ఎనిమిదున్న పెట్టె పెట్టాడు. హెడ్‌లైట్ల కరెంటంతా పాత స్విచ్చి గుండా వెళ్ళి దాన్ని కాల్చెయ్యకుండా రెండు రిలేలు తగిలించాడు. ఎర్త్ తీగలన్నీ తుప్పు గీకి మెరిపించిన ఒకే బోల్టు దగ్గరికి తెచ్చాడు. బయటికి కనబడే తీగలన్నిటినీ మడ్‌గార్డు లోపలి అంచు కిందకి తోసి, బానెట్ ఎత్తితే ఇంజను తప్ప ఇంకేమీ కనబడకూడదన్నాడు. తీగలు కట్టడానికి వాల్టర్ ప్లాస్టిక్ టైల ప్యాకెట్ తెచ్చిస్తే నాన్న తల అడ్డంగా ఊపాడు. అవి తీగని కోస్తాయట. మైనం పట్టించిన దారం తెప్పించి, తీగల కట్టని బెత్తెడు బెత్తెడు దూరంలో ముడులు వేస్తూ కట్టాడు. అది మా నాయనమ్మ మల్లెపూలు కట్టే ముడి. ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య తీగల్ని పట్టుకుని, దారాన్ని ఒక మెలిక తిప్పి, పళ్ళతో లాగి బిగించేవాడు. కాకినాడ లారీలకి ఎన్ని వేసి ఉంటాడో ఆ ముడులు. వాల్టర్ కళ్ళజోడు నుదుటిమీదకి తోసి, దగ్గరికి వంగి, ఒక్కో ముడినీ వేలితో తాకి చూసేవాడు.

నాన్న ఆయన్ని “వాల్టర్‌గారూ” అని పిలిచేవాడు. పేర్లు మన భాషలో అలా మారతాయి కాబోలనుకుని ఆయన కూడా పోస్ట్‌మాన్‌కీ, పాలసీసాలు తెచ్చేవాడికీ తనని తాను వాల్టర్‌గారు అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. దారిన పోయే ప్రతివాణ్ణీ ఆపి కారు చూపించి, నాన్న భుజమ్మీద చెయ్యి వేసి, “దిస్ ఈజ్ మై ఎలక్ట్రిషియన్” అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాన్న ఒక అంగుళం పెరిగేవాడు. వేసవి చివరికి మా గుమ్మాలు ఆయనకి చాల్లేదు.

ఆ మాటకే అమ్మకి భయం. వాల్టర్ ఒకసారి కవరులో డబ్బు పెట్టిస్తే నాన్న రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. దాంతో ఆయన పెరట్లో కాసిన టమాటాలు బుట్టలతో పంపడం మొదలుపెట్టాడు. టమాటా పప్పు, టమాటా చారు, టమాటా పచ్చడి, టమాటా బాత్. పొద్దున్న లేస్తే మా చెమట కూడా ఎర్రగా ఉండేది. ఒక సాయంత్రం అమ్మ ఆఫీస్ నుంచి వచ్చి, హ్యాండ్‌బ్యాగ్ కూడా దించకుండా నిలబడింది.

“ఏవండీ, ఈ టమాటాలు కూడా కాంపెన్సేషన్ కిందకి వస్తాయేమో. ఆఫీస్‌లో అడిగాను.”

“టమాటాలా?”

“పని చేసినందుకు ఏది తీసుకున్నా జీతమేనంట. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ మొదలెట్టేరు. ఇప్పుడు ఏదైనా ఇష్యూ వస్తే ముగ్గురం సామాన్లు సర్దుకోవాలి.”

“అయితే రేపట్నుంచి పచ్చివి పంపమంటానులే. పండనిది జీతమెలాగవుద్ది?” అన్నాడు నాన్న. అమ్మ నవ్వలేదు.

ఆ రోజే మా ఇంట్లో ఒక చట్టం వచ్చింది. నాన్న అక్కడ చేసేదాన్ని తెలుగులో ఏమన్నా పరవాలేదు. ఇంగ్లిష్‌లో మాత్రం ‘వర్క్’ అనకూడదు. హెల్ప్ అనాలి, హాబీ అనాలి. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అమ్మ మూడుసార్లు చెప్పించింది. “మై డాడ్ హెల్ప్స్ అవర్ నైబర్. ఇట్స్ హిజ్ హాబీ.” నేను పద్యంలా అప్పజెప్పాను. నాన్న గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఏడాది దీపావళి మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో చేశారు. అల్యూమినియం ట్రేలలో పులిహోర, అంచులు ఎండిపోయిన బొబ్బట్లు, ఎవరి ఇంట్లో పొగ గంట మోగకుండా వేయించారో తెలియని గారెలు, కాకరపువ్వొత్తులు కాలుద్దామంటే అపార్ట్‌మెంట్ల ఆఫీసు వాళ్ళు ఒప్పుకోక బ్యాటరీ దీపాలు. పట్టులంగా గుచ్చుకుంటుంటే నేను ట్రేల బల్ల చివర నిలబడి గారె తింటున్నాను. మేఘన అని నా క్లాసు పిల్ల పక్కకి వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. వాళ్ళ నాన్న ప్రసాద్ అంకుల్ ఏదో పెద్ద కంపెనీలో డైరెక్టరు.

“మీ డాడ్ ఎందుకు జాబ్‌కి వెళ్ళడు?”

“ఎవరు చెప్పారు?”

“మా మమ్మీ చెప్పింది. మీ మమ్మీ జాబ్ చేస్తుంది, మీ డాడ్ ఓన్లీ కుకింగ్ చేస్తాడు అంట. దట్స్ సో ఫన్నీ.”

చుట్టూ నలుగురు పిల్లలు నవ్వారు. నా నోట్లో గారె నాలిక్కి అంటుకుపోయింది.

“నో. హీ వర్క్స్. హీ వర్క్స్ ఎవ్రీ డే,” అన్నాను.

అక్కడితో ఆగినా సరిపోయేది. ఆగడం నాకెప్పుడూ చేతకాలేదు. మా నాన్నకి రోడ్డవతల షాపు ఉందన్నాను. ఒకేసారి ఆరు కార్లు పడతాయన్నాను. ప్రిన్స్‌టన్ డాక్టర్లందరూ వాళ్ళ పాత కార్లు తెచ్చి వరసలో నిలబెడతారనీ, ఒకాయన హెలికాప్టరులో వచ్చాడనీ, వాల్టర్ మా నాన్న దగ్గర జీతానికి ఉన్నాడనీ, టూల్స్ అందిస్తాడనీ చెప్పాను. వాళ్ళ కళ్ళు పెద్దవవుతున్నకొద్దీ నా షాపూ పెద్దదయింది. ఇంటికి వెళ్ళేసరికి దానికి రెండో అంతస్తు కూడా వేశాను. ఆ రాత్రి నా అంత సుఖంగా ఎవరూ నిద్రపోయి ఉండరు.

రెండు వారాల తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం ఇండియన్ గ్రోసరీలో బియ్యం బస్తాల దగ్గర ప్రసాద్ అంకుల్ ఎదురుపడ్డాడు. నవ్వుతూనే అన్నాడు.

“ఏంటండీ, సైడ్ బిజినెస్ ఫుల్ స్వింగ్‌లో ఉందంట? కార్లు క్యూ కడుతున్నాయంట?”

నాన్న ముఖంలో నవ్వు సగంలో ఆగిపోయింది. అమ్మ చేతిలో కరివేపాకు కట్ట అలాగే ఉంది.

“ఎవరన్నారండీ?” అంది అమ్మ.

“అందరూ అనుకుంటున్నారు కదా. నేనైతే హ్యాపీనే. కానీ కేర్‌ఫుల్ అండీ. డిపెండెంట్ మీద ఉండి వర్క్ చేస్తున్నారని ఎవరైనా రిపోర్ట్ కొడితే మీ కేసు మొత్తం పోతుంది. మనవాళ్ళని నమ్మలేం.”

 ఇంటికొచ్చి బియ్యం బస్తా దించాక అమ్మ సోఫా అంచున కూర్చుని నాకేసి చూసింది. “నువ్వేమైనా అన్నావా?”

“లేదు,” అన్నాను. జీవితంలో నేను చెప్పిన అతి చిన్న అబద్ధం అదే. దానికి అలంకారాలేమీ లేవు.

“దాన్నెందుకంటావు?” అన్నాడు నాన్న. “ఆ వాల్టర్‌గారే. దారినపోయే దానయ్యలందరికీ మై ఎలక్ట్రిషియన్, మై ఎలక్ట్రిషియన్ అని చాటింపేసేడు కదా. వద్దని నేనెప్పుడైనా చెప్పేనా? నాకూ బాగానే ఉంది వినడానికి.” “ఇంక ఎల్లనులే రమా,” అన్నాడు.

అమ్మ లేచి వంటగదిలోకి వెళ్ళింది. కరివేపాకు దూసి డబ్బాలో వేసింది.

అప్పటికి కారుకి ఎడమవైపు వైరింగు మొత్తం కట్టడం అయిపోయింది. కుడివైపు తీగలు గుడ్డముక్కల పేర్లతో విడివిడిగా వేలాడుతున్నాయి. ఇంకో నాలుగు రోజుల పని. బ్యాటరీ తగిలించి ఇంజను స్టార్ట్ చేసే రోజు నాకు తాళం తిప్పే వంతు ఇస్తానని వాల్టర్ ఎప్పుడో మాటిచ్చాడు. నాన్న తన టెస్టర్ కూడా తెచ్చుకోలేదు. ఆ రోజు నుంచి ఆయన నోట ‘వాల్టర్‌గారు’ అన్న మాట పోయి, ‘ఆ ముసలాయన’ అయింది. మా ఇంట్లో గట్టిగా అరిచే అలవాటు ఎవరికీ లేదు. ‘గారు’ తీసెయ్యడమే అరుపు.

వారం తర్వాత వాల్టర్ మా తలుపు తట్టాడు. అమ్మ ఆఫీస్‌లో ఉంది. నాన్న లోపలి గదిలోంచి చెయ్యూపి, లేనని చెప్పమన్నాడు. లేడంటే సరిపోయేది కదా. ఎప్పుడొస్తాడని ఆయన అడిగాడు. అడిగితే ఖాళీ చేతులతో పంపే అలవాటు నాకు లేదు. ఇండియాకి వెళ్ళాడన్నాను. వాళ్ళ అన్నయ్యకి బాగాలేదన్నాను, చాలా నెలలు పట్టొచ్చన్నాను. నాన్నకి అసలు అన్నయ్యే లేడు. వాల్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఆ లేని అన్నయ్య త్వరగా కోలుకోవాలని ప్రార్థిస్తానన్నాడు.

డిసెంబర్‌లో మంచు పడింది. నాన్న బయటికి వెళ్ళడం తగ్గించాడు; నా అబద్ధం వల్ల కాదు, అది ఆయనకి తెలియదు కూడా. ఊరికే, కిటికీ దగ్గర కూర్చునేవాడు. మంచు మీద వెలుతురు పడి హాలంతా ఆస్పత్రిలా తెల్లగా ఉండేది. స్కూలు సెలవుల్లో ఒకరోజు పొద్దున్న వాల్టర్ మళ్ళీ వచ్చాడు. బూట్లకి మంచు, ముక్కు ఎర్రగా ఉంది. చేతిలో పసుపుపచ్చ కాగితం. దాని మీద వంకరటింకరగా తెలుగు అక్షరాలు. గుడ్డముక్కల మీద నాన్న రాసిన పేర్లని ఆయన ఒక్కొక్కటీ చూసి, బొమ్మ గీసినట్టు గీసుకుని తెచ్చాడు. ‘హ’కి కొమ్ము ఎక్కువైంది, ‘ను’ తిరగబడి ఉంది. పక్కనే ఆ తీగ రంగులేమిటో ఇంగ్లిష్‌లో రాసుకున్నాడు. మిగతా కుడివైపు తనే మెల్లగా పూర్తిచేద్దామనుకుంటున్నానని, ఇవి చదివిపెడితే చాలని అన్నాడు.

తలుపు ఓరగా పట్టుకుని నేను చదివాను. హారను, హార్న్. ఫేను, ఫ్యాన్. కు. పెద్ద అంటే కుడి పెద్ద లైటు. ఆయన పెన్సిల్‌తో రాసుకుంటున్నాడు. చలికి పెన్సిల్ పట్టిన వేళ్ళు వంగడం లేదు. చివరిది ‘రి. 2 తె. క.’ అని ఉంది. అదేమిటో నాకు అర్థం కాలేదు. రిలే అయి ఉంటుంది, తె అంటే తెలుపో, తెల్లారో, క అంటే కిందో, కలపాలో. నాన్నని అడిగితే అర నిమిషంలో చెప్పేవాడు. నా వెనక పది అడుగుల దూరంలో, కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు.

“ఐ డోంట్ నో,” అన్నాను.

“దట్స్ ఓకే స్వీట్‌హార్ట్. వెన్ యువర్ డాడ్ కాల్స్ ఫ్రమ్ ఇండియా, ఆస్క్ హిమ్ ఫర్ మీ,” అన్నాడు.

అప్పుడు లోపల నాన్న దగ్గాడు.

ఆ దగ్గు ఎవరిదని అడగడానికేమీ లేదు. ఆరు నెలలు ఒకే బానెట్ కింద తలలు పెట్టుకుని పనిచేసిన మనిషికి పక్కవాడి దగ్గు తెలియదా? వాల్టర్ నా భుజం మీదుగా లోపలికి చూశాడు. అక్కడినుంచి నాన్న కనబడడు, కుర్చీ వెనకభాగం, దాని మీద ఆరేసిన తువ్వాలు కనబడతాయి, అంతే. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నాకు మెరీ క్రిస్మస్ చెప్పాడు. మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగాడు.

“ఎవరే?” అన్నాడు నాన్న లోపల్నుంచి.

“సేల్స్‌మాన్,” అన్నాను.

మార్చిలో ఒక ట్రక్కు వచ్చి కారుని పైకెక్కించుకుని వెళ్ళింది. స్కూలు బస్సు కిటికీలోంచి చూశాను. బానెట్ సరిగ్గా పడక తాడుతో కట్టారు. అది స్టార్ట్ అయిందో లేదో, ఎవరు కొన్నారో, ఆ ముడుల్ని చూసి వాళ్ళేమనుకున్నారో నాకు తెలియదు. ఎన్నో కథలు అల్లిన నేను దీనికి మాత్రం ఒక్క ముగింపు కూడా అల్లలేకపోయాను. ఆ ఎండాకాలం వాల్టర్ ఇల్లమ్మి ఒహాయోలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. రెండేళ్ళకి అక్కడే పోయాడని పోస్ట్‌మాన్ చెప్పాడు. “వాల్టర్‌గారు పాస్డ్ అవే,” అన్నాడు ఆయన, అదే అసలు పేరనుకుని.

ఆ తర్వాత నాన్న ఇంట్లో టోస్టరు చెడినా ముట్టుకోలేదు. “మనకెందుకే, కొత్తది కొనేసుకుంటే పోద్ది,” అనేవాడు. అమ్మ కంపెనీ మూతపడి గ్రీన్‌కార్డ్ ఫైలు మళ్ళీ మొదటినుంచి మొదలైంది, ఆ క్యూలో ఏళ్ళు గడిచిపోయాయి. ఇరవయ్యొకటి నిండగానే డిపెండెంట్ అన్న మాట నా కాగితాల మీంచి ఊడిపోయి నేను స్టూడెంట్ వీసాలో పడ్డాను. నాన్న ఒక్కడే ఆ హోదాలో మిగిలాడు. 2015లో ఆయనలాంటి వాళ్ళు కూడా పని చేసుకోవచ్చని కార్డులివ్వడం మొదలుపెట్టారు. కార్డు వచ్చేనాటికి ఆయనకి యాభై ఎనిమిది. అమ్మ పోరు పడలేక ఒక కార్ల షెడ్డుకి వెళ్ళి మాట్లాడి వచ్చాడు. బానెట్ ఎత్తితే ఒక్క తీగ కనబడలేదట, అంతా నల్ల ప్లాస్టిక్ మూతలేనట. పిల్లాడొకడు ఆయన చేతికి పలకలాంటిది ఇచ్చి, దీన్ని కారుకి గుచ్చితే ఏం చెడిందో అదే చెబుతుందన్నాడట. “అది చెప్తే నేనెందుకురా అనిపించింది,” అని మంచం మీద కూర్చుని సాక్సులు విప్పుకున్నాడు.

ఆ రోజు చెప్పాను. వాల్టర్‌గారు ఎవరితోనూ ఏమీ అనలేదని, క్లబ్‌హౌస్‌లో ఆ షాపు కట్టింది నేనేనని, ఆయన మా గుమ్మంలో కాగితం పట్టుకుని నిలబడ్డ రోజు సంగతీ, ఇండియా సంగతీ, లేని పెదనాన్న సంగతీ, దగ్గు సంగతీ, మొత్తం. పదమూడేళ్ళ తర్వాత మొదటిసారి ఒక్క ముక్క కూడా కలపకుండా, ఒక్క ముక్క కూడా తగ్గించకుండా చెప్పాను. నాన్న శ్రద్ధగా విన్నాడు. అయ్యాక నవ్వాడు.

“బాగా కట్టేవే. తెలుగక్షరాలు గీసుకు రావడమొకటి! ఆ ముసలాయన తెలుగక్షరాలు గియ్యడమేంటే?”

“నిజం నాన్నా.”

“నీ నిజాలు నాకు తెల్దా? కాకినాడలో సముద్రం తాబేలెక్కి బడికెళ్ళేదాన్నని మీ టీచరుకి రాసిచ్చి, దానికి స్టారు తెచ్చుకున్నదానివి. పోయినాయన మీద జాలి పడ్డావు, మంచిదే. ఆయన తప్పు నీ నెత్తినెందుకెత్తుకుంటావు?”

“నాన్నా, తప్పు నాదే.”

“పోనీలే తల్లీ,” అని నా తలమీద చెయ్యి వేశాడు. ఓదార్చడానికి వేశాడా చెయ్యి. దాన్ని తీసెయ్యడానికి నాకు ధైర్యం చాల్లేదు.

తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పి చూశాను. రెండోసారి అమ్మ కూడా నవ్వింది.

ఇప్పుడు వాల్టర్ ఇల్లు లేదు. ఆ స్థలంలో ఒకే మూసలో పోసిన టౌన్‌హౌస్‌లు వరసగా నిలబడ్డాయి, ఏ గరాజ్ తలుపూ తెరిచి ఉండదు. పార్కింగ్ లాట్‌లో రాళ్ళు పేర్చే పిల్లలు లేరు. తాలింపు పొగని బయటికి లాగేసే ఫ్యాన్లొచ్చాయి, పొగ గంట మోగదు. అమ్మావాళ్ళు మాత్రం అక్కడే, రెండు వీధులవతల ఉంటున్నారు. నేను వెళ్ళినప్పుడల్లా నాన్నా నేనూ సాయంత్రం నడకకి వెళ్తాం. ఆయనకి డెబ్బై దగ్గరపడుతోంది, మోకాళ్ళ నొప్పులు, రోడ్డు దాటాలంటే కష్టం. అయినా ఆ టౌన్‌హౌస్‌ల వరస దగ్గరికి రాగానే ఆగి, అటూ ఇటూ చూసి, ఆ ముసలాయన గుమ్మం ఇంకా అక్కడే ఉన్నట్టు, నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళిపోతాడు. వరస అయిపోయాక మళ్ళీ ఇవతలికి దాటుతాడు. ఎందుకని నేనడగను. ఆయన దాటుతున్నప్పుడు వచ్చే కార్లకి చెయ్యి అడ్డం పెట్టి, ఆయనతోపాటు రెండుసార్లూ దాటుతాను.